నాన్న సరిహద్దులో, పిల్లలు ఇంట్లో: దసరా నుంచి దీపావళి దాకా పండగలు ఎలా జరుపుకోవాలి

ప్రతి ఏటా భాద్రపదం చివరికి వచ్చేసరికి సైనికుల భార్యలు, వారి అత్తమామలు ఒకే ప్రశ్న అడుగుతారు. "ఆయనకు సెలవు మంజూరవుతుందో లేదో తెలియదు, పిల్లలు చిన్నవాళ్లు, రోజూ నాన్న ఎప్పుడొస్తాడని అడుగుతున్నారు, పండక్కి ఏం ఏర్పాటు చేసుకోమంటారు?" అని. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం వంటి ఊళ్లో తరతరాలుగా ఈ బతుకు తెలిసిన పెద్దలు పక్కనే ఉంటారు గనుక అడిగి తెలుసుకోవచ్చు. అద్దె ఇంట్లోనో, వేరే రాష్ట్రపు ఫ్యామిలీ క్వార్టర్లలోనో ఒంటరిగా ఇద్దరు పసివాళ్లను పెట్టుకుని ఉన్న తల్లికి ఆ వీలు ఉండదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆమె కోసం. భర్త ఫీల్డ్ పోస్టింగులో, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని చోట ఉండి, పిల్లలు ఏడెనిమిదేళ్లలోపు వాళ్లయితే ఇందులోని ప్రతి మెట్టూ మీకు పనికొస్తుంది. పీస్ స్టేషన్‌లో, అంటే కుటుంబాన్ని వెంట ఉంచుకోగల చోట అందరూ కలిసే ఉన్నవాళ్లకు మూడు, నాలుగు, ఏడు మెట్లు చాలు.

మొత్తం ఏర్పాటుకు ఆధారం ఒక్కటే: పిల్లల పండగ తండ్రి సెలవు కాగితం మీద ఆధారపడకూడదు. పండగ పండగనాడే జరగాలి. ఆయన వచ్చినరోజు ఇంకో పండగ అవుతుంది. ఈ రెంటినీ విడదీసుకోగలిగితే మిగిలిన పనులన్నీ తేలికవుతాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక గోడ క్యాలెండరు. విజయదశమి నుంచి దీపావళి అమావాస్యకు ఇరవై రోజులు ఉంటాయి, మధ్యలో బహుళ తదియనాడు అట్లతద్ది వస్తుంది, అమావాస్య వెళ్లిన నాలుగోనాడు నాగుల చవితి వస్తుంది. ఇవన్నీ గుర్తుపెట్టండి. పిల్లల బడి సెలవులు కూడా రాయండి. కేంద్రీయ విద్యాలయాల, ఆర్మీ పబ్లిక్ స్కూళ్ల సెలవులు మన రాష్ట్రాల దసరా సెలవులతో చాలాసార్లు సరిపోవు కాబట్టి బడి ఇచ్చిన కాగితాన్నే నమ్మండి.
- డిపెండెంట్ కార్డు (సైనికుడి కుటుంబసభ్యుల గుర్తింపు కార్డు), సైనిక క్యాంటీన్ కార్డు, పిల్లల టీకాల పుస్తకం, వాళ్లు వాడే మందుల చీటీ. ఇవన్నీ ఒకే సంచిలో ఉండాలి.
- తండ్రి గొంతుతో రికార్డు చేసిన నాలుగైదు చిన్న మాటలు, ఆయన ఫొటోలు మూడు నాలుగు. వీటిలో కనీసం ఒకటి యూనిఫాం లేకుండా, ఇంట్లో లుంగీతోనో బనీనుతోనో ఉన్నది కావాలి. ఇంటికి వచ్చే మనిషి ఆ రూపంలోనే కనిపిస్తాడు.
- అవసరానికి పిలిస్తే వచ్చే ఇద్దరి ఫోన్ నంబర్లు, ఒకరు బంధువు, ఒకరు ఇరుగుపొరుగు.

1. రెండు ప్రణాళికలు రాసుకోండి

ఒక కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమవైపు "ఆయన వస్తే", కుడివైపు "రాకపోతే" అని రాయండి. ముందు కుడివైపు పూర్తి చేయండి. ఎవరింట్లో ఉంటాం, పిల్లలకు ఏ రోజు ఏ పని అప్పగిస్తాం, పిండివంటల్లో ఏవి మనం చేస్తాం, ఏవి అత్తయ్యగారు పంపిస్తారు, అన్నీ అందులో రావాలి. ఎడమవైపు రాయవలసింది చాలా తక్కువ ఉంటుంది, ఎందుకంటే ఆయన వస్తే ఉన్న ఏర్పాట్లలోనే కలిసిపోతాడు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ఆయన వస్తాడని అంతా సిద్ధం చేసుకుని, చివరి వారంలో సెలవు రద్దయితే పండగే మానేస్తారు. జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు లెక్కలో ఉన్నా, ఎప్పుడు వదలాలన్నది యూనిట్ అవసరాన్ని బట్టి ఉంటుంది. అందరూ పండక్కే అడుగుతారు, అందరినీ ఒకేసారి వదలరు. ఈ మాట అత్తమామలకు కూడా ముందే చెప్పి ఉంచితే, "మావాడు అడగలేదేమో" అన్న అనుమానం కోడలి మీదికి రాదు.

రైలు విషయం: రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సెలవు ఖరారు కాకపోయినా మీరూ పిల్లలూ వెళ్లే టికెట్లు ఆ రోజునే తీసుకోండి. ఎంత ముందు రద్దు చేసుకుంటే కోత అంత తక్కువ. అయిదేళ్లలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. కానీ జమ్మూ వైపు నుంచి విజయవాడ దాకా రెండు రాత్రుల ప్రయాణంలో నాలుగేళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని రావడం సాధ్యమయ్యే పని కాదు. డబ్బు పోయినా బెర్తు తీసుకోండి. టపాసులు రైల్లో తీసుకెళ్లడం నిషేధం, క్యాంటీన్‌లోనో ఊళ్లోనో చవకగా దొరికాయని సంచిలో వేసుకోవద్దు.

2. పిల్లలకు తేదీ చెప్పకండి

ఈ మెట్టు దగ్గరే ఎక్కువ ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. సెలవు అడిగానని ఆయన ఫోన్‌లో చెప్పగానే ఇంట్లో ఎవరో ఒకరు "నాన్న పండక్కి వస్తున్నాడోచ్" అనేస్తారు. అయిదేళ్ల పిల్లాడికి "మంజూరైతే" అన్న మాట అర్థం కాదు. "వస్తున్నాడు" అన్నదే చెవిన పడుతుంది. తరువాత సెలవు వెనక్కి జరిగితే, నాన్న అబద్ధమాడాడని వాడికి అనిపిస్తుంది. అందుకని సెలవు చేతికొచ్చి, యూనిట్ నుంచి కదిలి, రైలెక్కానని ఆయనే ఫోన్ చేసేవరకు పిల్లలకు చెప్పవద్దు. రెండు రాత్రుల ప్రయాణం ఉంటుంది కనుక ఎదురుచూపుకు ఆ సమయం చాలు.

మధ్యలో అడిగితే ఏం చెప్పాలి? నిజం చెప్పండి, చిన్నదిగా చెప్పండి. "నాన్నకు రావాలనే ఉంది. అక్కడ పని అయ్యాక పంపిస్తారు. ఎప్పుడన్నది నాకూ తెలియదు. తెలిసిన రోజు ముందు నీకే చెప్తాను." ఈ నాలుగు వాక్యాలూ తాతయ్యకు, నాయనమ్మకు, మేనమామకు కూడా నేర్పండి. ఒకే ప్రశ్నకు ఇంట్లో నలుగురూ నాలుగు జవాబులు చెబితే పిల్లలు అదే ప్రశ్న పదేపదే అడుగుతారు.

సరిగ్గా జరుగుతోందా అని చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వారం తరువాత పిల్లనే "నాన్న ఎప్పుడొస్తాడమ్మా?" అని అడగండి. "తెలియగానే అమ్మ చెప్తుంది" అని వస్తే మీ మాట నిలిచినట్టే. "రేపు", "పండక్కి" అని వస్తే ఇంట్లో ఎవరో వేరే మాట చెబుతున్నారు. వాళ్లెవరో కనుక్కుని నెమ్మదిగా మాట్లాడండి.

3. దసరాకు ఇంట్లో ఒక పని, ఇంటి బయట ఒక పని పెట్టుకోండి

తొమ్మిది రోజులూ అన్నీ చేయాలని పెట్టుకుంటే ఒంటరిగా ఉన్న తల్లి మూడో రోజుకే అలసిపోతుంది. పిల్లల చేతులకు పని దొరికేది ఇంట్లో ఒకటి, నలుగురిలో కలిసేది బయట ఒకటి చాలు.

ఇంట్లో పనికి బొమ్మల కొలువు బాగుంటుంది. సైనికుల ఇళ్లలో మెట్లు కొననక్కర్లేదు, నల్ల ట్రంకు పెట్టెలే ఉన్నాయి. పెద్ద పెట్టె అడుగున, దాని మీద వెనక్కి జరిపి చిన్నది, ఆపైన ఇంకో చిన్నది పెట్టి, మొత్తం మీద ఒకే దుప్పటి పరిస్తే మూడు మెట్లు వస్తాయి. పెట్టెలు ఖాళీగా ఉంటే పిల్లలు పట్టుకుని లాగినప్పుడు కదులుతాయి కాబట్టి లోపల బియ్యపు సంచో, రజాయిలో పెట్టి బరువు చేయండి. వెనక గోడకు ఆనించండి. అడుగు మెట్టు పిల్లలదే కావాలి. అక్కడ వాళ్లు పెట్టుకున్న ప్లాస్టిక్ ట్రాక్టరును, తలలేని గుర్రాన్ని తీసేయకండి. మట్టి బొమ్మలు, గాజు బొమ్మలు పై మెట్టు మీద ఉంచండి. దీపం కొలువు మీద పెట్టవద్దు, పక్కన ఎత్తైన బల్ల మీద పెట్టండి. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ఆ పెట్టెల మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి ఉంటాయి. ఫొటో తీసి బంధువులకు పంపేముందు దుప్పటి ఆ అక్షరాలను పూర్తిగా కప్పిందో లేదో చూసుకోండి.

తెలంగాణవారు బతుకమ్మ పేర్చాలనుకుంటే, ఉత్తరాది కంటోన్మెంట్లలో తంగేడు, గునుగు దొరకడం కష్టం. బంతి, చామంతి దాదాపు ప్రతి బజారులోనూ దొరుకుతాయి, వాటితో పేర్చండి. పసుపు గౌరమ్మను చేయడం పిల్లలకు అప్పగించండి. క్వార్టర్లలో బెంగాలీ, గుజరాతీ, మరాఠీ కుటుంబాలు కూడా ఇవే రోజుల్లో అమ్మవారిని కొలుస్తాయి గనుక వాళ్లను సద్దుల బతుకమ్మకు పిలవండి, వాళ్ల పూజకు మీరు వెళ్లండి. యూనిట్‌లో ఫ్యామిలీ వెల్ఫేర్ ఏర్పాట్లు చూసేవారితో పది రోజుల ముందు మాట్లాడితే ఆడుకోవడానికి స్థలం ఇస్తారు. చప్పట్లు కొడుతూ తిరగడానికి భాష తెలియనవసరం లేదు, ఒక పాట విన్నాక అందరూ కలుస్తారు.

బయట పనికి విజయదశమి సాయంత్రపు జమ్మిచెట్టు నాకు అన్నిటికన్నా ఇష్టం. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచిన కథ సైనికుడి పిల్లలకు వేరే చెప్పనక్కర్లేకుండా అందుతుంది. అదే రోజు వాళ్ల నాన్న యూనిట్‌లోనూ శస్త్రపూజ జరుగుతుంది. "శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ" అన్న శ్లోకాన్ని కాగితం మీద రాసి, కింద ఇంట్లోవాళ్ల పేర్లు రాసి చెట్టుకు కట్టే ఆచారం మనకు ఉంది. శ్లోకం మీరు రాయండి, పేర్లు పిల్లలతో రాయించండి. అక్షరాలు ఇంకా రానివాళ్లయితే మీరు చుక్కలు పెట్టి ఇవ్వండి, వాళ్లు కలుపుతారు. నాన్న పేరు వాళ్లే మొదట రాయాలి. ఆయన పక్కన లేకపోయినా పేరు వరుసలో ఉండటం పిల్లలకు పెద్ద ఊరట. కొన్ని జమ్మి ఆకులను పుస్తకంలో పెట్టి ఉంచితే, ఆయన వచ్చినప్పుడు పిల్లలే చేతిలో పెట్టి దండం పెట్టుకుంటారు.

4. ఫోనుకు ఒక పద్ధతి పెట్టుకోండి

పండగ పూట వీడియో కాల్ కోసం పిల్లలను కొత్తబట్టలతో గంటలకొద్దీ కూర్చోబెట్టవద్దు. సరిహద్దు దగ్గరి కాపలా పోస్టుల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కొన్నిచోట్ల ఫోను వాడకానికి అనుమతి ఉండదు. పిల్లలు వాళ్ల ఆటలో వాళ్లు ఉండాలి, కాల్ వస్తే పిలవాలి. ఉదయమే పిల్లలు చెప్పే మాటను రికార్డు చేసి పంపితే, నెట్ దొరికినప్పుడు ఆయన వింటాడు. ఆయన కూడా అలాగే పంపవచ్చు. "పద్యం చెప్పు, డాన్స్ చెయ్యి" అని ఫోను ముందు ఒత్తిడి పెడితే పసివాళ్లు ముడుచుకుపోతారు, అవతల ఆయనకు మనసు కష్టమవుతుంది. మీ పాటికి మీరు వంట చేస్తూ ఫోను బల్ల మీద నిలబెట్టి ఉంచండి, పిల్లలు వచ్చి పోతూ ఏదో ఒకటి చూపిస్తారు.

ఎక్కడ ఉన్నావని ఫోన్‌లో అడగవద్దు, అడగవద్దని పెద్దలకూ చెప్పండి. ఆయన సెలవు తేదీని, రైలు నంబరును, యూనిఫాంలో ఉన్న ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో గానీ మరే సామాజిక మాధ్యమంలో గానీ పెట్టకూడదు. 2020 జులైలో సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను తొలగించాలని తన సిబ్బందిని ఆదేశించింది. ఆ జాగ్రత్త ఇంట్లోవాళ్ల ఫోన్ల దగ్గర ఆగిపోతే ప్రయోజనం ఉండదు. ముఖ్యంగా మరదళ్లు, బావమరుదులు సంతోషం కొద్దీ పెట్టేస్తారు, వాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా చెప్పండి.

5. ఆయనకు పండగ పార్సిల్ పంపండి

పార్సిల్ కట్టడం పిల్లలకు నాన్న కోసం నిజంగా చేసే పని. పండక్కి మూడు వారాల ముందు పంపండి. లడాఖ్ వంటి చోట్లకు ఇంకా ముందు పంపాలి, అక్టోబరు దాటితే మంచుకు దారులు ఆగిపోవచ్చు.

అరిసెలు, జంతికలు, చేగోడీలు, సున్నుండలు నిలవ ఉంటాయి. కొబ్బరి పడినవి, పాలతో చేసినవి వద్దు. అరిసెలను నూనె బాగా ఒత్తి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, కాగితం మధ్య పేర్చి డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే చెమ్మ చేరి బూజు పడుతుంది. సున్నుండలు నెయ్యి కాస్త తగ్గించి చేయండి. టపాసులు, అగ్గిపెట్టెలు, లైటర్లు పోస్టులో పెట్టకూడదు. పిల్లలు గీసిన బొమ్మను డబ్బా పైన కాకుండా లోపల మూత కింద పెడితే తెరవగానే కనిపిస్తుంది.

చిరునామాలో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, తరువాత కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు), 9తో మొదలయ్యే పిన్‌కోడు రాయాలి. ఊరి పేరు, జిల్లా పేరు రాయకూడదు. మామయ్యగారు చేరుతుందో లేదోనని భయపడి ఊరి పేరు కలిపి రాస్తారు, దానివల్ల పార్సిల్ దారి తప్పుతుంది, చెప్పకూడని సంగతి పెట్టె మీదికి ఎక్కుతుంది. ఈ చిరునామాకు ప్రైవేటు కొరియర్లు వెళ్లవు, పోస్టాఫీసులోనే ఇవ్వాలి. రసీదు మీది నంబరుతో పార్సిల్ ఎక్కడిదాకా వెళ్లిందో చూసుకోండి.

6. ఆయన వచ్చిన మొదటి రెండు రోజులు ఇంటివాళ్లకే కేటాయించండి

సెలవు పదిహేను రోజులో ఇరవై రోజులో ఉంటుంది. అటు అమ్మగారిల్లు, ఇటు అత్తగారిల్లు, పెదనాన్నగారి ఇంట్లో గృహప్రవేశం, స్నేహితులు, అందరికీ ఆయన కావాలి. వచ్చిన రోజునే ఇంటినిండా చుట్టాలుంటే పిల్లలకు తండ్రి దొరకడు. ముందుగానే పెద్దలతో ఇలా మాట్లాడండి: "అత్తయ్యా, వచ్చిన రెండు రోజులూ పిల్లలు అలవాటు పడేదాకా మనింట్లోవాళ్లమే ఉందాం. మూడో రోజు అందరినీ భోజనానికి పిలుద్దాం, మీరే పిలవండి." పిలిచే పెద్దరికం వాళ్లకు ఇస్తే ఎవరూ నొచ్చుకోరు.

పసివాళ్లు తండ్రిని చూసి ఏడవవచ్చు, తల్లి కొంగు వెనక దాక్కోవచ్చు. ఎనిమిదో నెల నుంచి రెండేళ్ల దాకా ఇది మామూలే. "నాన్నను గుర్తుపట్టలేదా, సిగ్గులేదా" అని నలుగురిలో అనవద్దు. ఆయన వచ్చీరాగానే ఎత్తుకోకుండా, నేల మీద కూర్చుని, పిల్లల బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని ఊరుకుంటే చాలు. పిల్లలే దగ్గరికి వస్తారు. కొందరికి గంట పడుతుంది, కొందరికి మూడు రోజులు పడుతుంది. మొదట స్నానం చేయించడం, అన్నం పెట్టడం వంటివి మీరిద్దరూ కలిసి చేయండి, తరువాత ఆయనకు వదిలేయండి.

దండించే పని మొదటి వారంలో ఆయనకు అప్పగించవద్దు. "నాన్న రానీ, చెప్తా నీ పని" అని ఏడాదంతా బెదిరించి ఉంటే, ఆ మాట ఇవాళే మానేయండి.

7. దీపావళి: నిప్పు, చప్పుడు

కాకరపువ్వొత్తి చిన్నపిల్లలదని పేరు, కానీ దాని మంట వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అయిదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి. అంతకన్నా పెద్దవాళ్లకైనా పక్కన ఒక పెద్దవారు నిలబడి, నూలు బట్టలు తొడిగి, కాళ్లకు చెప్పులు వేసి, ఒక్కొక్కటిగా ఇవ్వండి. కాలిన తీగలను వెంటనే నీళ్ల బకెట్‌లో వేయాలి, చీకట్లో వాటి మీద కాలు పడితే కాలుతుంది. ఒంటరిగా ఉన్న తల్లి చంకలో ఒకరిని పెట్టుకుని ఇంకొకరితో టపాసులు కాల్పించవద్దు. ఇంకో పెద్దమనిషి వచ్చేదాకా ఆగండి.

కాలితే వెంటనే కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు పట్టుకోండి. మంచు, టూత్‌పేస్టు, సిరా ఏదీ రాయవద్దు. ముఖం, కన్ను, కీళ్లు కాలినా, పిల్లవాడి అరచేతికన్నా ఎక్కువ మేర కాలినా ఆలస్యం లేకుండా ఆస్పత్రికి వెళ్లండి. మన రెండు రాష్ట్రాల్లోనూ 108కి ఫోన్ చేయవచ్చు.

టపాసులు వద్దనుకునేవారికి కోస్తాలో మంచి ఆచారమే ఉంది. గోగు కాడలకు నూనెలో తడిపిన గుడ్డ వత్తులు చుట్టి వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి" అంటూ నేలకు కొట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి తీపి తింటారు. పిల్లల చేతి మీద మీ చెయ్యి వేసి చేయించండి. కాడ పొడుగ్గా ఉండాలి, నూనె కారకుండా వత్తిని పిండాలి.

చప్పుడు గురించి ఆయనతో ముందే మాట్లాడండి. కాల్పులు వినిపించే చోటినుంచి కొత్తగా వచ్చిన మనిషికి వెనకనుంచి పేలిన బాంబు ఆట కాదు. అడిగితే "నాకేం ఫర్వాలేదు" అనే అంటారు చాలామంది, అయినా అడగండి. "మన వీధిలో ఎనిమిదింటికి మొదలుపెడతారు, మేడ మీదికి వెళ్దామా, ఇంట్లో ఉందామా" అని ఎంచుకునే వీలివ్వండి. చుట్టాల పిల్లలు ఆయన్ను ఉలిక్కిపడేలా చేసి నవ్వే ఆట ఆడకుండా చూడండి.

8. వెళ్లేరోజు

పిల్లలు నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా వెళ్లడం చాలా ఇళ్లలో అలవాటు. ఏడుపు చూడలేక చేస్తారు, అర్థమవుతుంది. కానీ నిద్ర లేచేసరికి మనిషి లేకపోతే, ఆ తరువాత చాలా రాత్రులు పిల్లలు నిద్రపోవడానికి భయపడతారు. రెండు రోజుల ముందు చెప్పండి. బ్యాగులో ఏదో ఒకటి, మరచెంబో తువ్వాలో, వాళ్ల చేత సర్దించండి. బయలుదేరేటప్పుడు లేపండి. ఏడిస్తే ఏడవనివ్వండి, "సైనికుడి కొడుకువి, ఏడవకూడదు" అనవద్దు. స్టేషనుకు తీసుకెళ్లాలా వద్దా అన్నది రైలు వేళను బట్టి చూసుకోండి. అర్ధరాత్రి రైలైతే గుమ్మం దగ్గర వీడ్కోలు చాలు.

ఆ సాయంత్రానికి ఏదైనా చిన్న పని పెట్టుకోండి. కార్తీకమాసమైతే పిల్లలతో తులసికోట దగ్గర దీపం పెట్టించవచ్చు, ఆ వారంలోనే వనభోజనాలుంటే పేరు ఇవ్వవచ్చు.

ఫలితం ఎలా చూసుకోవాలి

ఆయన వెళ్లాక రెండు వారాలు ఈ మూడింటిని గమనించండి: పిల్లలు తింటున్నారా, నిద్రపోతున్నారా, ఆడుకుంటున్నారా. మొదటి కొన్ని రోజులు పక్క తడపడం, అంటిపెట్టుకుని తిరగడం, చిన్నదానికే అలగడం ఉండవచ్చు. తిట్టకుండా ఉంటే తగ్గుతుంది. నాన్న గురించి మాట్లాడుతూ, ఆటలో నాన్న వేషం వేస్తూ ఉంటే అది మంచి సూచన, ఆపవద్దు. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర కుదుటపడకపోయినా, మాటలు తగ్గిపోయినా మిలిటరీ ఆస్పత్రిలో గానీ దగ్గరలోని పిల్లల డాక్టరుకు గానీ చూపించండి. ఊళ్లో ఉంటున్నవారికి కాగితాల విషయంలో ఇబ్బంది ఎదురైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు.

రెండు ప్రణాళికలు రాసుకున్న కాగితాన్ని పారేయకండి. ఏ రోజు బాగా జరిగింది, ఏ రోజు పిల్లలు అలసిపోయారు, పార్సిల్ ఎన్ని రోజులకు చేరింది, ఎవరు నిజంగా తోడు వచ్చారు అన్నవి దాని వెనకే రాసి, టీకాల పుస్తకం ఉన్న సంచిలో పెట్టండి. వచ్చే భాద్రపదంలో మీరు వేరే స్టేషన్‌లో ఉన్నా, మొదటి మెట్టు సగం అప్పటికే పూర్తయి ఉంటుంది.